మా గల్లీని నేనే బంద్ పెట్టిన వైనం

"అమ్మా, మంచాలు జర పక్కకు జరుపుండ్రి. కారు పోవాలె."

"కారు పోవాలంటే రోడ్డు మీద పోవాలె బిడ్డా. ఇది గల్లీ."

"మ్యాప్ గిదే రోడ్డు అంటుంది."

"అయితే మ్యాప్‌ను కిందికి దిగమను. మంచం ఇంకో దిక్కు అది పట్టుకుంటది."

"నా ఎనక ఇంకా ఆరు కార్లున్నయి అమ్మా."

"నా మంచం మీద ఏడాదికి సరిపోయే వడియాలున్నయి."

చివరికి మంచం జరిపింది నేనే. ఆ ఓటమి కడుపులో పెట్టుకుని నేను చేసిన ఘనకార్యం ఇప్పుడు చెప్తాను. ఒక ముసలమ్మ తన ఇంటికి తానే దారి లేకుండా చేసుకున్న కథ ఇది. నవ్వేవాళ్లు ముందే మంచినీళ్లు తాగి కూర్చోండి, మధ్యలో పొలమారితే నా పూచీ లేదు. అప్పటికి నాకు అరవై ఏడేళ్లే. ఇంకా చిన్నతనం పోలేదు.

మాది పాతబస్తీ జహనుమాలో ఒక ఇరుకు గల్లీ. వడియాలు మేడ మీద పెట్టుకోవచ్చు కదా అంటారేమో. పక్కింటివాళ్లు నాలుగంతస్తులు లేపాక మా మేడకు ఎండ మొహమే తెలియదు. ఎండ పడేది గల్లీలోనే, అదీ పదింటి నుంచి మధ్యాహ్నం దాకా. అందుకే రెండు నులక మంచాలు ఒక వారగా వేసి, పాత చీరలు పరిచి వడియాలు పెడతాను. ఎదురింటి జరీనా ఆపా తన మిరపకాయలు కూడా వాటి పక్కనే ఆరబోస్తుంది. దుకాణంలో కొన్న వడియం మా గడప తొక్కలేదు, నేనుండగా తొక్కదు. ఇన్నేళ్లూ ఎవరూ ఏమీ అనలేదు. ఆటోవాళ్లు కూడా వడియాలకు సలాం కొట్టినట్టు పక్కకు వంగి పోయేవాళ్లు. పెద్ద రోడ్డు తవ్వడం మొదలయ్యాక వచ్చింది లొల్లి. ఫోన్లలో ఉండే మ్యాప్ మా గల్లీని కనిపెట్టి ఊరంతా చాటింపు వేసింది.

ఆ సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన నా మనవరాలు స్వాతిని చెప్పులు విడవకముందే నిలదీశాను.

"దానికి మన గల్లీ సంగతి ఎవరు చెప్పిన్రే?"

"జనమే చెప్తరు నానమ్మా. యాడ జామ్ ఉంది, యాడ రోడ్డు బంద్ ఉంది, పోయేటోళ్లే ఫోన్ల నొక్కుతరు. అది అందరికీ చెప్తది."

"ఎవరైనా నొక్కొచ్చా?"

"ఎవరైనా."

"మూడో తరగతిల బడి మానేసినోళ్లు?"

"అది సర్టిఫికెట్ అడగదు నానమ్మా."

ఆ ఒక్క మాట చాలింది. స్వాతి పక్కన పడేసిన పాత ఫోను, పగిలిన అద్దంతో సహా, నేనే వాడుతున్నాను. మర్నాడు ఆ మ్యాప్ తెరిచి చూస్తే అన్నీ బొమ్మలే. బొమ్మల పుస్తకం చదవడానికి మూడో తరగతి ఎక్కువే. రోడ్డు బంద్ బొమ్మ వెతికి నొక్కాను. గంటసేపు కార్లు రాలేదు. తర్వాత మళ్లీ వచ్చాయి.

"అక్కా, ఒక్కరు చెప్తే కౌన్ మాన్తా, ఎవరు నమ్ముతరు?" అంది జరీనా ఆపా. "గల్లీ మొత్తం నొక్కాలె."

ఇక చూడండి. నల్లా వచ్చిందంటే బిందెలతో ఉరికినట్టు, రోజూ పొద్దున తొమ్మిదింటికి ఆపా, గాజుల కార్ఖానావాళ్లు, కిరాణా దుకాణమాయన, అందరూ ఫోన్లు పట్టుకుని నొక్కడమే. మూడు రోజుల్లో గల్లీ ఎంత సద్దుమణిగిందంటే, ఆపా ఉల్లిగడ్డ తరిగితే నాకు వినిపించేది. కోట గెలిచిన దానిలా మంచాల మధ్య పచార్లు చేశాను.

అట్లా రెండు వారాలు ఏలాను. ఒక శుక్రవారం జల్‌పల్లిలో ఉండే మా చెల్లెలు, పెరట్లో కాసిన బూడిద గుమ్మడికాయలు తీసుకుపొమ్మంది. ఊరికే వచ్చే గుమ్మడికాయను వదిలే మనిషిని కాను. ఆపా కూతురింటికి పోయింది. ఎండ నిప్పులు చెరుగుతోంది కదా అని మంచాలు అక్కడే వదిలి బస్సెక్కాను.

తిరుగు ప్రయాణానికి నాలుగు కాయలతో బస్సు కుదరలేదు. స్వాతికి ఫోను చేస్తే ఆఫీసు నుంచే కిరాయి కారు బుక్ చేసి పంపింది. డ్రైవరు కరీంనగర్ పిల్లగాడు, పట్నానికి కొత్త. సగం దూరం వచ్చేసరికి ఫలక్‌నుమా మీద మబ్బు, ఎనుబోతులా నల్లగా.

"జర జల్దీ పోనియ్ బిడ్డా. వడియాలు బయటున్నయి. గల్లీల మగోళ్లంతా నమాజుకు పోయి ఉంటరు, తీసేటోళ్లు లేరు."

"మ్యాప్ చెప్పినట్టే పోతున్న అమ్మా."

"అట్లనే పో. అది జనం చెప్పిందే చెప్తది, తప్పు చెప్పదు," అని పాఠం కూడా చెప్పాను.

ఇరానీ హోటల్ దాటాం. కాసేపటికి మళ్లీ అదే హోటల్ దాటాం. మూడోసారి గల్లా మీద కూర్చున్నాయన నాకు సలాం పెట్టాడు.

"ఎందుకు తిప్పుతున్నవ్ బిడ్డా?"

"లోపటికి పోయే గల్లీ బంద్ అంట. మ్యాప్ ఇంకో దారి దొరకక తిప్పి తిప్పి, ఇప్పుడు కాయలు పట్టుకుని ఇక్కడి నుంచి నడవమంటుంది."

"బంద్ అని ఎవరు చెప్పిన్రు?"

"మస్తుమంది చెప్పిన్రట అమ్మా. రోజూ చెప్తున్నరట."

నాకు ఒళ్లు మండింది. "ఎవరయ్యా ఆ పనిలేనోళ్లు? వాళ్ల చేతులు పడిపోను. వాళ్ల ఇంట్ల పప్పు ఉడకకపోను. ఏ గల్లీ అది?"

అతను పేరు చదివాడు.

కారు తిరిగి తిరిగి అలసిపోయింది గానీ, నా తిట్లు మాత్రం ఏ మ్యాపూ లేకుండా నేరుగా నా ఇంటికే చేరాయి. అద్దం మీద మొదటి చినుకు పడింది.

"ఆ ఫోను బోర్లించు," అన్నాను. "హోటల్ పక్క సందుల తిప్పు."

"బంద్ ఉందమ్మా."

"బంద్ పెట్టింది నేనే. ఇప్పుడు తెరుస్తున్న. పోనియ్."

అతను అద్దంలోంచి నన్ను చూశాడు. "మీరు మున్సిపాలిటీల చేస్తరా అమ్మా?"

"అంతకన్న పెద్ద. ఎడమకు కొట్టు."

వంపులన్నీ నోటితో చెప్తూ తీసుకొచ్చాను. గల్లీలోకి రాగానే దిగి ఉరికాను. పాపం ఆ పిల్లగాడు, చెప్పకుండానే వచ్చి మంచం రెండో పక్క పట్టాడు. మొదటి మంచం లోపలికి, రెండో మంచం ఆపా మిరపకాయలతో సహా వరండాలోకి. మా వెనక వాన కుండపోతగా దిగింది. ఒక్క వడియం తడవలేదు. అతనికి బలవంతంగా ఒక పొట్లం కట్టిచ్చాను. ఇది నా చరిత్రలో రాసిపెట్టుకోవాల్సిన సంగతి, ఎందుకంటే నేను వడియాలు ఊరికే ఎవరికీ ఇవ్వను.

సాయంత్రం కథంతా విని స్వాతి సోఫా మీద పడి దొర్లింది. దారి తెరుచుకుందని తన ఫోన్లోంచి తనే నొక్కింది. ఆపా కూతురింటి నుంచి తిరిగొచ్చి దీపం వెలిగించాక నేను ఆమె ముందు, స్వాతి ముందు, దేవుడి పటం ముందు కుడిచేయి పైకెత్తి ఒట్టు వేశాను: ప్రాణం ఉన్నంతవరకు ఈ చూపుడువేలితో ఏ దారీ మూయను, మూయమని ఎవరికీ చెప్పను.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి మంచాలు బయట వేశాను. ఫోను ముట్టలేదు. పదయింది, పదకొండయింది, గల్లీలోకి ఒక్క కారూ రాలేదు.

నేను ఒట్టు వేశాను. జరీనా ఆపా వేయలేదు.