అట్టహాసంగా ఒక వడ్డాణం

రేపల్లెలో జరిగిన మా ఆడపడుచు కూతురి పెళ్ళి గురించి ఎవరైనా ఎత్తితే చాలు, నేను వంటింట్లోకి వెళ్ళి లేని పాలు పొంగకుండా చూసుకుంటాను. ఆ రోజు నా పరువు గంపెడు పోయింది. గంపెడని ఊరికే అనలేదండి, వినండి.

అసలు కారణం మా తోడికోడలు మంజుల. వాళ్ళది తెనాలి, మాది బాపట్ల. ఆమె బంగారు వడ్డాణం చేయించుకుందని తెలిసిన రోజు నా కడుపుమంట మీద రెండు పూటల వంటా అయిపోయేది.

ఫోనులో ఎవరో అట్టతో నగలు చేస్తుంటే చూశాను. ఇంకేం! మా ఆయన చొక్కాల పెట్టెలు కత్తిరించి, మూడు పొరలు అంటించి, జిగురులో ముంచిన దారంతో పైన హంసలు తీర్చాను. (కాస్త బాతుల్లా వచ్చాయి. నడుం మీద పక్షుల్ని ఎవరు ఆరా తీస్తారులెండి!) నల్లరంగు పూసి, దానిమీద బంగారు రంగు అద్ది, సముద్రపు గాలికి మెత్తబడకూడదని వార్నిషు మీద వార్నిషు పట్టించాను. అచ్చం బంగారమే. ఒకటే లోపం, అది వంగదు. పెట్టుకుంటే నేనూ కూర్చోలేను.

పెళ్ళిలో నిలబడే ఉన్నాను. "పెద్దకోడలు చూడండి, ఒక్క క్షణం కూర్చోదు!" అని మెచ్చుకున్నారు కూడా.

అంతలో అత్తయ్య వచ్చారు. "అమ్మాయ్, నీ వడ్డాణం పెళ్ళికూతురికి పెట్టు. పెద్ద మేనమామ భార్యవి, నీ నగ పిల్ల ఒంటి మీదుండాలి."

గబుక్కున కొంగు అడ్డం పెట్టుకున్నాను. "వద్దండి అత్తయ్యా, కొక్కెం వదులుగా ఉంది."

"పోనీ నాది పెడదామండి," అంది మంజుల.

అక్కడ నోరు మూసుకుంటే ఈ కథే లేదు. "నేనుండగా నీదెందుకు మంజులా?" అని విప్పి ఇచ్చేశాను. మంజుల మొహం వాడిన తమలపాకయింది. ఆ కాసేపు నా అంత సుఖపడ్డ మనిషి ఈ డెల్టాలోనే లేదు.

మా వైపు పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామ మండపానికి మోసుకొస్తాడు. ఇక్కడ మేనమామ సాక్షాత్తూ మా ఆయన. పిల్ల గంపలో బాసింపట్టు వేసి కూర్చుంది.

ఫటేల్!

సన్నాయి ఆగింది. "అత్తా, నేను లావయ్యానా?" అంది పిల్ల ఏడుపు గొంతుతో. వడ్డాణం ముక్కొకటి మా ఆయన కాళ్ళ దగ్గర పడింది. ఆయన దాన్ని తిరగేసి, లోపలి నీలం గీతలు చూసి, "ఒసేయ్, ఇది నా చొక్కా పెట్టె కదే! ఇల్లంతా వెతికాను!" అన్నారు. పక్కనే మైకు.

అట్టని చూసి జనం నవ్విన నవ్వుంది చూశారూ, అట్టహాసమంటే అదీ.

మంజుల గబగబా తన వడ్డాణం తీసి పిల్లకి పెట్టింది. ఆల్బమ్ నిండా అదే మెరుస్తోంది. భోజనాల దగ్గర వచ్చి నా పక్కనే కూర్చుంది. దెప్పుతుందని కాచుకున్నాను.

"అక్కా, అది నువ్వే చేశావా?"

"ఊఁ."

"నాకూ ఒకటి చేసిపెట్టవూ? ఈ బంగారంతో బస్సెక్కాలంటే భయంతో చస్తున్నా. నీ చేతులు చూస్తే కుళ్ళొస్తోందనుకో!"

మంజులకి నా మీద కుళ్ళు! కరిగిపోయాను. ఈసారి బిళ్ళలు బిళ్ళలుగా కోసి తాడుతో కూర్చాను. హాయిగా వంగింది. హంసలు కూడా హంసల్లాగే వచ్చాయి. ఇప్పుడు ఏ పెళ్ళిలో చూసినా అందరూ దాన్నే మెచ్చుకుంటున్నారు, అదీ మంజుల నడుం మీద!

అందుకే వార్నిషు డబ్బా మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ప్రాణం పోయినా సరే, ఇక తోడికోడలికి హంసలు చెయ్యను. బాతులే.