జవాబు గంట

ఆదినారాయణప్ప తన జన్మలో ఎవరికీ క్షమాపణ చెప్పినవాడు కాదు. గర్వం వల్ల కాదు, నోటితో అతనికి పెద్దగా పని ఉండేది కాదు. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో వైండింగ్ ఇంజన్ డ్రైవరుగా ముప్పై ఏళ్లు చేశాడు. గనిలోకి మనుషుల్ని దించే ఇనుప పంజరాన్ని పైనుంచి నడపడం అతని ఉద్యోగం. దాన్ని కేజ్ అనేవారు. కింది నుంచి ఒక గంట కొడితే ఆపాలి. రెండు కొడితే దించాలి. మూడు కొడితే లోపల మనుషులున్నారు, పదిలం. ఏ గంట వినబడితే ఆ గంటే తిరిగి కొట్టాలి. ఆ జవాబు గంట వెళ్లనిదే కేజ్ అంగుళం కదలకూడదు. ఈ ఒక్క నియమం మీద వేలమంది పాతాళానికి పోయి, మళ్లీ ఇంటికొచ్చి సంగటి తిన్నారు.

గనులు మూతబడి ఇరవై ఏళ్లు దాటినా అతని చూపుడువేలు మాత్రం రిటైరు కాలేదు. ఇంట్లో స్టీలు గ్లాసు మీద రెండు కొడితే సంగటి ముద్ద దిగేది. ఒకటి కొడితే సాంబారు ఆగేది. వాకిట్లో చుట్టాలు కనబడితే మూడు. భార్య నాగరత్న నలభై నాలుగేళ్లుగా గరిటెతో జవాబు గంట కొట్టి మరీ వడ్డించేది. వాళ్లింటి పిల్లి కూడా రెండు గంటలకు గోడ దిగేదనీ, ఒక గంటకు ఎలుక మీదికి దూకబోయి గాల్లోనే ఆగిపోయేదనీ వీధిలో చెప్పుకుంటారు. గాల్లో ఆగడం కళ్లారా చూసినవాళ్లు ఇద్దరే. ఇద్దరూ పోయారు.

ఇలా సాగుతున్న కాపురం బూదికోటలో ఒక సీమంతం దగ్గర ఆగిపోయింది. ఆడవాళ్ల మధ్య కూర్చుని నాగరత్న పాట అందుకుంది. తొమ్మిది చరణాల పాట, తల్లి దగ్గర నేర్చుకున్నది. చుట్టుపక్కల ఊళ్లలో ఆ పాట మొత్తం వచ్చింది ఆమె ఒక్కదానికే. నాలుగో చరణంలో ఉండగా, పక్కనే పంక్తిలో కూర్చున్న ఆదినారాయణప్ప విస్తట్లో సాంబారు గట్టు దాటుతోంది. అలవాటుగా గ్లాసు మీద ఒక్కటి కొట్టాడు. వడ్డించే మనిషికి ఏమీ తెలియలేదు, పోస్తూనే ఉన్నాడు. ఆ గంట తెలిసిన మనిషి అక్కడ ఒక్కతే. ఆమె చరణం సగంలో ఆగిపోయింది. వందమంది చూస్తుండగా లేచి, చెప్పులేసుకుని, ఇంటికి రాకుండా గౌనిపల్లిలో తమ్ముడింటికి వెళ్లిపోయింది.

ఫోన్ చేస్తే ఆమె తీయలేదు. తమ్ముడి కూతురు రక్షిత తీసింది. అత్తకి తీరిక లేదనీ, పట్టుపురుగులు మొదటి జ్వరానికి కూర్చున్నాయనీ చెప్పింది. పురుగులు తోలు విడవడానికి ముందు తల ఎత్తి, మేత మాని, కదలకుండా ఉండే రోజుల్ని అక్కడ జ్వరం అంటారు. ఆ రోజుల్లో నాగరత్న పురుగుల ఇంట్లో ఎవర్నీ దగ్గనిచ్చేది కాదు.

పదకొండు రోజులు ఆదినారాయణప్ప తన సంగటి తానే కెలుక్కున్నాడు. రెండు గంటలు కొట్టి, తానే లేచి, తానే వడ్డించుకున్నాడు. నాగరత్న తిరిగి రాకపోతే మిగిలిన ఆయుష్షంతా ఇలాగేనని అతనికి తేటతెల్లమైంది. క్షమించమనే మాట నాలుక చివరిదాకా వచ్చి అక్కడే ఆగిపోయేది. అందుకని పాట కట్టాడు. “ఆపమన్నది నిన్ను కాదే నాగరత్నా, పొంగిపొర్లే సాంబారునే నాగరత్నా” అని మొదలై, అరగంట పాటు సాంబారు చుట్టూనే తిరిగే పాట.

దాన్ని పట్టుకుని రాబర్ట్‌సన్‌పేటలో పెళ్లి వీడియోలు తీసే నందీశ్ దగ్గరికి వెళ్లాడు.

“పాట ఒకటే ఉంటే సాలదు తాతా. వీడియో ఉండాల,” అన్నాడు నందీశ్. “పాట చెవికి పోతాది, మూడ్ కంటికి పోతాది. ఇంగ ఆర్టిస్టు ఎవురో జనానికి తెలియాల గదా.”

“జనానికి ఎందుకు నాయనా? మా ఇంటామెకి తెలిస్తే సాలు.”

“ఊరంతా సూసినాక ఆమె సూడకుండా యాడికి పోతాది?”

అరగంట పాటను మూడు నిమిషాలకు నరికి, షూటింగు గని మట్టి దిబ్బ మీద పెట్టారు. నందీశ్ లెక్క ప్రకారం దుఃఖానికి నల్లకోటు, నల్ల కళ్లద్దాలు, పొగ, వాన తప్పనిసరి. కోటు పెళ్లికొడుకుల బీరువాలోది. పొగ కొబ్బరి పీచుది. వాన నీళ్ల ట్యాంకరుది. ఎండ నిప్పులు చెరుగుతుండడంతో ఆ వానలో ఇంద్రధనుస్సు పుట్టింది. దుఃఖానికి అది పనికిరాదని నందీశ్ తాతను ఎటు తిప్పితే అటే వచ్చి నిలబడింది. చివరికి దాన్నీ ఉండనిచ్చి, గుండె పిండేలా ఉంటుందని పెద్ద స్పీకర్లలో ఒకప్పుడు షిఫ్టుకు పిలిచే గని సైరన్ కూత పెట్టాడు.

అదే అతను చేసిన తప్పు. కూత ఊరి మీదుగా వెళ్లిన పావుగంటకు దిబ్బ కింద మనుషులు కనిపించారు. నలభై ఇద్దరు ముసలివాళ్లు. చేతుల్లో టిఫిన్ క్యారియర్లు, కొందరి నెత్తిన తుప్పు పట్టిన గని టోపీలు. ఎవరూ చెప్పకుండానే వరుస కట్టారు. అందరికంటే ముందు ఎనభై నాలుగేళ్ల మునిశామప్ప, కర్ర ఊతంతో.

“ఫస్టు షిఫ్టా, సెకండు షిఫ్టా?” అని అడిగాడు.

“పాట తీస్తా ఉండామప్పా,” అన్నాడు ఆదినారాయణప్ప.

“తియ్యండి, తియ్యండి. కేజ్ వచ్చేదాకా నిలబడతాము.”

నందీశ్ కెమెరా ఆపలేదు. అలాంటి ముఖాలు డబ్బిచ్చినా దొరకవని అతని ఆనందం.

వీడియోను నాలుగు రోజుల్లో మూడు లక్షలమంది చూశారు. అందులో ఆదినారాయణప్ప పేరు బంగారు అక్షరాల్లో, మంటల మధ్య. సైరన్ మోతలో సాంబారు సంగతి ఒక్కరికీ వినబడలేదు. కనబడింది నల్లకోటు, పొగ, వరుస కట్టిన కార్మికులు. గనులు మళ్లీ తెరుస్తున్నారనీ, ఈయనే నాయకుడనీ జనం తేల్చేశారు. బైరకూరు నుంచి పట్టభద్రులు సర్టిఫికెట్లతో వచ్చి వాకిట్లో కూర్చున్నారు. ఐసుబండి వాడు అతని బొమ్మ అంటించుకున్నాడు. ఆర్టిస్టుకి ఇంతకంటే ప్రచారం ఏముంటుంది అన్నాడు నందీశ్.

గౌనిపల్లి నుంచి మాత్రం ఐదో రోజుకు గాని కబురు రాలేదు. అత్త చూసిందనీ, పురుగులు నాలుగో జ్వరంలో ఉన్నాయి కాబట్టి చప్పుడు తీసేసి చూసిందనీ రక్షిత చెప్పింది.

“ఏమనింది?”

“నల్లకోటు ఏసుకోని నవ్వుతా ఉండాడు, బాగానే ఉండాడులే అనింది మామా.”

అది నవ్వు కాదు, కొబ్బరి పీచు పొగకు చిట్లిన మొహం. కానీ చప్పుడు లేని చోట ఎవరికి తెలుస్తుంది? వీడియో అన్నీ మోసుకుపోయింది, చెప్పవలసిన ఆ ఒక్క సంగతి తప్ప.

మర్నాడు ఆదినారాయణప్ప నందీశ్‌ని పిలవలేదు. పాత బనియన్‌తో స్టూలు మీద కూర్చుని, ఫోన్‌లో వీడియో పెట్టి, దాన్ని ఊరగాయ జాడీకి ఆనించాడు. ఎదురుగా ఖాళీ గ్లాసు. దాని మీద చూపుడువేలితో మెల్లగా మూడుసార్లు కొట్టి, అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఫోన్‌లో చోటు అయిపోయేదాకా చూశాడు. పట్టభద్రుల్లో ఒకడు దాన్ని గౌనిపల్లికి పంపాడు.

గంట కొట్టాక జవాబు రాకుండా కదలకూడదు. కాబట్టి అతను కదలలేదు. తిండి మానేసి కూర్చున్న మనిషిని చూసి, గనుల కోసం నిరాహారదీక్ష మొదలైందని వాకిట్లో జనం అనుకున్నారు. రాత్రికి మెడలో ఏడు దండలు పడ్డాయి. మునిశామప్ప చెంచాతో నీళ్లు పోస్తూ, కేజ్ ఎక్కడ ఆగిందని మాత్రం అడిగాడు. గౌనిపల్లి దగ్గర, అన్నాడు ఆదినారాయణప్ప.

మరుసటి రోజు మధ్యాహ్నం రక్షిత పంపిన వీడియో వచ్చింది. చప్పుడు లేదు. పురుగుల వెదురు తట్ట అంచు, దాని మీద నాగరత్న చెయ్యి. గాజులు మోగకుండా వాటికి గుడ్డ చుట్టి ఉంది. వేలు మూడుసార్లు తట్ట మీద పడింది.

“జవాబు వచ్చినాది,” అన్నాడు ఆదినారాయణప్ప.

వాకిట్లో చప్పట్లు మిన్నంటాయి. గనులు తెరిచారన్న ఆనందంలో జనం అతన్ని దండలతో సహా గౌనిపల్లి బస్సెక్కించారు.

అక్కడ గడపలోనే నాగరత్న పెదవుల మీద వేలు పెట్టింది. పురుగులు ఇంకా లేవలేదు. రెండు రోజులు ఇద్దరూ మూగగా తిరిగారు. మూడో నాడు పురుగులు జ్వరం నుంచి లేచి ఆకు కొరకడం మొదలుపెట్టాక, ఆమె అతన్ని అరుగు మీద భోజనానికి కూర్చోబెట్టి, తాను ఎదురుగా కూర్చుని, నాలుగో చరణం సగం నుంచి పాట అందుకుంది.

వడ్డిస్తున్న రక్షిత, అత్త పాటలో పడిపోయి, సాంబారు పోస్తూనే ఉంది. సంగటి ముద్ద మునిగింది. కంచం నిండింది. సాంబారు అంచు దాటి పంచె మీదికి దిగింది. ఆదినారాయణప్ప చూపుడువేలు తనంతట తానే గ్లాసు వైపు లేచింది. అతను దాన్ని పట్టుకొచ్చి తొడ కింద పెట్టుకుని, దాని మీద కూర్చున్నాడు. ఐదో చరణం అయింది, ఆరో చరణం అయింది. తొమ్మిదోది అయ్యేసరికి గిన్నె ఖాళీ.

నాగరత్న గొంతు సవరించుకుని, ఒడి నిండా సాంబారుతో కూర్చున్న మొగుణ్ణి తేరిపార చూసింది.

“సాలా?” అంది. “ఇంగ కొంచెం పొయ్యమందామా?”