సేమ్ వేరు

మెల్‌బోర్న్‌లో వాన కురుస్తుంటే ఒక లైబ్రరీలోకి వెళ్లాను. అక్కడ అద్దం కింద రెండు పాత వైద్య పుస్తకాలు తెరిచి ఉన్నాయి. ఒకటి బైజాంటియంలో చేత్తో గీసినదానికి నకలు. రెండోది, అలాంటి బొమ్మలు చూసి నేర్చుకున్నవాళ్లు వందల ఏళ్ల తర్వాత ఇటలీలో అచ్చు వేసింది. రెండింట్లోనూ ఒకే మొక్క, మట్టి లేకుండా, వేర్లతో సహా ఖాళీ కాగితం మీద తేలుతోంది. ఆ మసక వెలుతురులో వేర్లు నీళ్లలో ఉన్నట్టు మెల్లగా కదులుతున్నాయనిపించింది.

నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విని ఒక పెద్దావిడ దగ్గరికొచ్చింది. ఫిజీలో పుట్టిందట, ఇప్పుడు ఈ ఊరి శివారు క్రెయిగీబర్న్‌లో ఉంటోందట. ఆవిడకు వచ్చిన తెలుగు, తాతగారి దగ్గర నేర్చుకున్న నాలుగు ముక్కలే.

"ఇది చూసి అది డ్రా చేసినారా బాబూ?"

"ఇలాంటివి చూసే నేర్చుకున్నారు ఆంటీ. కానీ రెండూ వేరు."

"అవును, వేరు," అంటూ ఆవిడ అద్దం మీద వేలు పెట్టి, ఒక మొక్క వేరు కొస నుంచి రెండో మొక్క వేరు దాకా నెమ్మదిగా జరిపింది. "సేమ్ వేరు."

తేడా అనే అర్థంలో ఆ మాట ఆవిడకు తెలియదు. చెబుదామని నోరు తెరిచాను. బొమ్మల వైపు మళ్లీ చూశాక, ఇద్దరిలో ఎవరి తెలుగు దిద్దాలో తోచలేదు.