నల్ల కారుకు బండ పాలిష్

ఆపి ఉన్న కారు బానెట్ మీద నుంచి పొగ లేవడం మీరెప్పుడైనా చూశారా? ఇంజన్ ఆపేసి ఉంది, తాళంచెవి ఇంట్లో మేకుకు వేలాడుతోంది, అయినా పొగ లేచింది. లేపినవాణ్ణి నేనే. ఇన్నేళ్లయినా తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. మీరు హాయిగా నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నేను మాత్రం ఆ ఇరవై నాలుగేళ్ల మొనగాడు ఎక్కడైనా చేతికి దొరికితే రెండు చెంపలూ వాయించాలని చూస్తున్నాను.

శంషాబాద్‌కు విమానాశ్రయం వచ్చి అప్పటికి మూడేళ్లు. మా అన్న రాములు కొత్తూరులో ఒక ఫ్యాక్టరీ బస్సు నడిపేవాడు. ఇంకొకరి బండి తోలి తోలి విసిగిపోయి, ఉద్యోగం మానేసి, ఒక పాత నల్ల కారు కొన్నాడు. విమానాశ్రయం దగ్గరి హోటల్లో దాన్ని అద్దెకు పెట్టి, వచ్చిపోయే అతిథులను తిప్పాలని ఆశ. అక్కడి మేనేజరు కోస్తా మనిషి. కారు చుట్టూ తిరిగి చూసి ఒకే ఒక్క మాట అన్నాడు.

"కారు బావుందండీ. కాకపోతే బానెట్ మీద ఆ మరక ఉండకూడదు. తీయించేసి సోమవారం పొద్దున్నే తీసుకొచ్చేయండి, పెట్టేసుకుందాం."

ఆ మరక మా అమ్మ భక్తి. కారు ఇంటికొచ్చిన రోజు పూజ చేసి, కుంకుమను నూనెలో కలిపి, బానెట్ నడిమధ్య అరచేయంత స్వస్తిక్ వేసింది. తుడవనిస్తేగా! "దానంతటదే పోవాలె బిడ్డా, మనం తుడవొద్దు" అంది. దానంతటది ఎక్కడ పోతుంది? ఎండాకాలమంతా మాడి, నల్లరంగు మీద ఎర్రగా గట్టిపడి కూర్చుంది.

మామిడిపల్లిలో జహంగీర్ భాయ్ అని, కార్ల సొట్టలు తీసి రంగులు వేసే మనిషి ఉన్నాడు. అన్న ఆయనకు ఫోన్ చేశాడు. "ఆదివారం సాయంత్రం తీస్కరా రాములన్నా, జర కాంపౌండ్ పేస్టు పెట్టి చేత్తోని రుద్దుత, పోతది" అన్నాడాయన. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. నేను ఆగనిచ్చానా?

"చేత్తోని రుద్దుడేందన్నా? ఏ కాలంల ఉన్నం? పాలిష్ మిషన్లొచ్చినయ్. నేను వీడియోల చూసిన. నేనే కొనుక్కొచ్చి చేస్త, అద్దం తీరు అయితది."

"నీకొస్తదారా?"

"రాకుంటే చెప్తనా?"

ఆ వీడియో సంగతి మీకు మాత్రం చెబుతాను. నెట్ సెంటర్‌లో చూశాను. పదిహేడు నిమిషాల వీడియో. నాలుగు నిమిషాలు నడిచాక బొమ్మ ఆగిపోయి, మధ్యలో చక్రం తిరగడం మొదలుపెట్టింది. ఆ నాలుగు నిమిషాల్లో ఒకాయన మిషన్ పెట్టెలోంచి తీసి, దానికి ఉన్ని బిళ్ల తగిలించి, "ముందు ఒక పక్కన చేసి చూసుకోవాలి" అన్నాడు. ఏం చేయకూడదో చెప్పే పదమూడు నిమిషాలూ ఆ చక్రం వెనకే ఉండిపోయాయి. నేను కార్గో గోదాంలో కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి కాబట్టి నాకు అన్నీ తెలుసని నా నమ్మకం. ఇంట్లోవాళ్లు కూడా నమ్మారు, అదీ ఘోరం.

శనివారం శంషాబాద్ బజార్లో పనిముట్ల దుకాణానికి వెళ్లాను.

"అన్నా, పాలిష్ మిషన్ కావాలె."

"దేనికి? మెట్లకా, వంటింటి బండకా?"

"కారుకు."

దుకాణదారు చేతిలో టీ గ్లాసు కింద పెట్టాడు. "మా దగ్గరున్నయన్ని గ్రానైట్ మిషన్లే అన్నా. బడంగ్‌పేట్ దిక్కు ఇండ్లు లేస్తున్నయి గదా, ఆ బండల మేస్త్రీలు తీస్కపోతరు. కారు మిషన్ వేరే. స్పీడ్ తగ్గించుకునే బటన్ ఉంటది దానికి. మంగళవారం వరకు తెప్పిస్త."

"దీని స్పీడ్ ఎంత?"

"నిమిషానికి పదకొండు వేల చుట్లు. గదొక్కటే స్పీడ్."

"కారు దానిది?"

"వెయ్యి, రెండు వేల మీద నడిపిస్తరట."

"అంటే ఇది ఐదింతలు జల్ది చేస్తది గదా!"

"రాయి వేరే, రంగు వేరే అన్నా..."

"రాయే మెరిస్తే రేకు మెరవదా?"

చూశారా? అమ్ముకునే మనిషి తన సరుకు అమ్మనంటున్నాడు! ఏ దుకాణంలోనైనా జరుగుతుందా ఇది? అయినా నేననే ఆ మొండి గాడిద వినలేదు. దుకాణదారు పేస్టు డబ్బాలు మూడు రకాలు చూపించాడు, ముతకది, నడిమిది, మెత్తది. "మరక గట్టిది, ముతకదే ఇయ్యి" అన్నాను. ఉన్ని బిళ్లల్లోనూ అన్నిటికంటే గరుకుగా ఉన్నదే ఏరుకున్నాను. ఏరుకోవడానికి అరగంట పట్టింది. అరగంట!

ఆదివారం అన్న కొత్తూరులో చుట్టాలింటికి బస్సులో వెళ్లాడు. కారు వాకిట్లో ఉంది. పదకొండు గంటల ఎండ, బానెట్ మీద చేయి పెడితే చుర్రుమంటోంది. నేను పేస్టు పూసి స్విచ్ వేశాను.

మొదటి సెకనులోనే పేస్టు మొత్తం గాల్లోకి లేచింది. గోడ మీద పడింది, తీగ మీద ఆరేసిన అమ్మ చీర మీద పడింది, నా నోట్లో పడింది. మిషన్ పొగరుబోతు గిత్తలా నన్ను బానెట్ ఈ మూల నుంచి ఆ మూలకు లాక్కుపోయింది. నేను పళ్లు బిగించి అదిమి పట్టుకున్నాను. అదే చేయకూడనిదని నాకేం తెలుసు?

అమ్మ బియ్యం ఏరుతూ అడిగింది. "ఏందిరా కాలుతున్న వాసన?"

"పాలిష్ వాసనమ్మా."

"పాలిష్‌కు పొగ ఉంటదా?"

"మొదట్ల ఉంటది."

వీడియోలో ముందు ఒక పక్కన చేసి చూసుకోమన్నారు కదా, ఆ ఒక్క ముక్క గుర్తుంది కాబట్టి మరక జోలికి పోకుండా దాని ఎడమ పక్కన మొదలుపెట్టాను. నలుపు కాస్తా బూడిదరంగైంది. మురికి పోతోందనుకుని ఇంకా అదిమాను. కాసేపటికి కింద తళతళా మెరుపు వచ్చింది. "వచ్చిందమ్మా మెరుపు!" అని అరిచాను.

వచ్చింది రేకు. నలుపు పోయి, దాని కింది పూత పోయి, ఉత్త ఇనుప రేకు ఎండలో మెరుస్తోంది.

అప్పుడైనా ఆపానా? ఒక పక్కే మెరిస్తే బాగుండదని కుడి పక్క కూడా చేశాను! రెండు పక్కలా రెండు పళ్లేలంత రేకు. నడుమ స్వస్తిక్, ఈగ వాలిన ఆనవాలు కూడా లేకుండా, వేసింది వేసినట్టే ఉంది.

అమ్మ వచ్చి చూసి రెండు చేతులూ జోడించింది. "చూసినవారా, దేవుని గుర్తుకు ఏం కాలే."

సాయంత్రం అన్న వచ్చాడు. చూశాడు. మెట్ల మీద కూలబడ్డాడు. తర్వాత జహంగీర్ భాయ్‌కి ఫోన్ చేశాడు. ఆయన స్కూటర్ మీద వచ్చి, మెత్తటి గుడ్డకు కాస్త కాంపౌండ్ అద్ది, చేత్తో రుద్దాడు. అమ్మ పెట్టిన టీ చల్లారకముందే మరక పోయింది.

"గిదేనా తీయమన్నది?" అన్నాడు.

"గిదే భాయ్" అన్నాడు అన్న.

"మరి ఆ రెండు ఎవరు తీయమన్నరు?"

సోమవారం అన్న ఆ కారునే తీసుకెళ్లాడు. "మరక తీయమంటే రంగే తీసేశారేంటండీ?" అన్నాడట మేనేజరు. ఆ చోటు ఇంకో కారుకు వెళ్లిపోయింది. మళ్లీ ఖాళీ వచ్చేసరికి రెండు నెలలు. బానెట్‌కు కొత్త రంగు వేయించి, ఆ రెండు నెలలూ అన్న బస్టాండు దగ్గర ఎండలో కారు పెట్టుకుని గిరాకీ కోసం నిలబడ్డాడు. నాతో మాట మానేశాడు. నేను ఎదురుగా కూర్చుని ఉన్నా, "అమ్మా, వానికి అన్నం పెట్టు" అనేవాడు. నాకు ఆ దుకాణం మీద, ఆ నెట్ సెంటర్ మీద, మిషన్ మీద పట్టలేనంత కోపం. చివరికి చూసుకుంటే అందరూ ముందే చెప్పారు. కోప్పడటానికి నేను తప్ప ఎవరూ మిగల్లేదు. తిట్టినా బాగుండేది. ఆ మౌనానికి నాకు ఏడుపొచ్చేది.

ఒక ఆదివారం అన్న ఆ మిషన్ తెచ్చి నా ముందు పెట్టి, వాకిట్లోని మూడు గ్రానైట్ మెట్లకేసి వేలు చూపించాడు. నేను బుద్ధిగా వెళ్లి మిగతా రెండు డబ్బాలూ తెచ్చుకుని, నీళ్లు చల్లుకుంటూ, మొదట ముతకది, తర్వాత నడిమిది, చివర మెత్తది పట్టించాను. ఆరు ఆదివారాలు చేశాను. మెట్లలో మొహం కనబడింది.

రెండు నెలల తర్వాత ఖాళీ వచ్చింది, కారు పెట్టుకునే ముందు మా ఇంటి చిరునామా సరిచూసుకోవడానికి హోటల్ మేనేజరు స్వయంగా వచ్చాడు. కారు కంటే ముందు ఆయన చూపు మెట్ల మీద పడింది.

"అబ్బ, అద్దంలా ఉన్నాయండీ! ఎవరు చేశారు?"

అన్న రెండు నెలల్లో మొదటిసారి నా మొహం చూశాడు.

"మా తమ్ముడే సార్. కారు మీద నేర్చుకున్నడు."

మేనేజరు పడీపడీ నవ్వాడు. అన్నా నవ్వాడు. మర్నాటి నుంచి కారు హోటల్లో తిరిగింది.

కనుక ఆ మూడు మెట్ల మీద నిలబడి, అమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. తిరిగే యంత్రం దేన్నీ కారు దరిదాపులకు తీసుకురాను. ఏ వీడియో అయినా పదిహేడు నిమిషాలూ చూడనిదే నోరు విప్పను. అన్న కారు తుడవాల్సి వస్తే మెత్తటి గుడ్డతో, నీడలో, అన్న పక్కన నిలబడి ఉండగా మాత్రమే తుడుస్తాను. అదీ అద్దాల వరకే.