బొనైర్ నీళ్లలో తట్టిన చప్పుడు

బొనైర్ అనే ద్వీపం ఒకటుందని మా ఇంటికి మొదట కబురు తెచ్చింది జెస్సీ. బ్రాంప్టన్‌లో మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే ఖమ్మం అమ్మాయి. కాలేజీలో చదువుకుంటూ, ఎటోబికోలో ఒక ట్రావెల్ ఆఫీసులో పార్ట్‌టైమ్ చేస్తుంది. ఒక సాయంత్రం మెట్లెక్కి పైకొచ్చి, ఫోన్ మావారి ముందు పెట్టి, "అంకుల్, ఈ ఊరు మీకోసమే పుట్టించిన్రు. డైవింగ్ చేసెటందుకు పడవ కూడా అక్కర్లేదంట. రోడ్డు పక్కన బండి ఆపి నీళ్లలోకి నడుచుకుంట పోవుడే" అంది.

ఆ కబురు తెచ్చినందుకు ఆ పిల్లను నా ప్రార్థనలో ఈ రోజుకీ తలుచుకుంటాను.

అసలు సంగతికి ముందు ఒక మాట. దయ్యాలనూ ఆత్మలు తిరగడాన్నీ నేను ఎన్నడూ నమ్మలేదు. ప్రభువును నమ్మినదాన్ని. ఆ నమ్మకంలో వాటికి చోటు లేదు. చిన్నప్పుడు కీళ్లవాతపు జ్వరం పట్టుకోవడంతో నేను బడికి వెళ్లలేదు. మా నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పారు. చూసింది చూసినట్టు రాయి, విన్నది విన్నానని రాయి, రెండూ కలపకు అనేవారు. ఇక్కడ అలాగే రాస్తున్నాను.

మావారిది బందరుకు దిగువన, సముద్రం ఒడ్డునే ఒక పల్లె. చేపలు పట్టే కుటుంబం. తండ్రి చిన్నప్పుడే పోతే, పెద్దన్న సామేలు పడవెక్కి, తమ్ముణ్ని మాత్రం పడవ ఎక్కనివ్వకుండా చదివించాడు. ఆ చదువే మమ్మల్ని ఇంత దూరం తెచ్చింది. ఇక్కడికొచ్చాక మావారు ఎయిర్‌పోర్టు దగ్గర ఒక వేర్‌హౌస్‌లో చాలా ఏళ్లు పని చేశారు. ఆ యంత్రాల మోతకు చెవులు పోయాయి. ఇప్పుడు రెండు చెవులకూ మిషన్లు. అవి తీసేస్తే పక్కనే కుక్కర్ విజిల్ వేసినా ఆయనకు తెలియదు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

సామేలు బావగారిని నేను చూడలేదు. మా పెళ్లికి చాలా ముందే సముద్రంలో పోయారు. ఆ పల్లెలో మంచు దట్టంగా పట్టిన పూట పడవలు ఒకదానికొకటి కనిపించవు. అందుకని తెడ్డుతో పడవ అంచు చెక్కను తట్టేవారట. ఒక్కో పడవకు ఒక్కో తట్టు. చప్పుడును బట్టి అది ఎవరి పడవో ఒడ్డున ఉన్నవాళ్లు చెప్పేసేవారు. బావగారి తట్టు ఇలా ఉండేది: రెండు వెంటవెంటనే, కాస్త ఆగి గట్టిగా ఒకటి, ఇంకా ఎక్కువసేపు ఆగి మెల్లగా ఒకటి. ఆ చివరి దెబ్బ పడిందో లేదో అన్నట్టు పడేదట.

ఒక ఉదయం అలాంటి మంచులో అందరి పడవలూ తిరిగొచ్చాయి, బావగారిది రాలేదు. కానీ ఆ తట్టు మాత్రం ఒడ్డుకు వినిపిస్తూనే ఉంది. మనుషులు పడవలు వేసుకుని వెళ్లారు. ఎటు తెడ్డు వేస్తే ఆ చప్పుడు అటు కాక వెనక నుంచి వినిపించింది. వెనక్కి తిరిగితే పక్క నుంచి. పొద్దెక్కేసరికి తట్టు ఆగిపోయింది. మంచు విడిచాక చూస్తే సముద్రం ఖాళీ. పడవ చెక్కగాని, మనిషిగాని ఈ రోజు వరకూ దొరకలేదు.

అందుకే ఆయనకు సమాధి లేదు. నవంబరు మొదట్లో మా వాళ్లందరూ సమాధుల పండుగ చేస్తారు. సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. మా అత్తగారు మాత్రం ఇసుకలో కొవ్వొత్తి గుచ్చి, అక్కడున్న ఏదో ఒక పడవ చెక్క మీద కొడుకు తట్టు తట్టి వచ్చేవారట. ఆమె పోయాక మావారు ఆ పని చేస్తున్నారు. బ్రాంప్టన్‌లో పెరటి డెక్ మీద, చలికి వణుకుతూ, చెక్క రెయిలింగ్ పక్కన కొవ్వొత్తి పెట్టి వేళ్ల కణుపులతో తడతారు. జెస్సీ మా ఇంటికి వచ్చిన ఏడాది అది చూసి, "ఎవర్ని పిలుస్తున్నరు అంకుల్?" అని అడిగింది. "పిలవట్లేదమ్మా. ఇక్కడే ఉన్నామని చెప్తున్నా" అన్నారు.

రిటైరయ్యాక ఆయన స్విమ్మింగ్ పూల్‌లో డైవింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టారు. జెస్సీ ఊరుకుంటుందా? "మా తాత మీ వయసుకు మంచం దిగాల్నంటే ఇద్దర్ని కేకేసేటోడు" అంది. "మీ తాత సముద్రం ఒడ్డున పుట్టలేదు కదమ్మా" అన్నారాయన. నాకు మాత్రం అది సరదా అనిపించలేదు. ఎందుకండీ ఈ పని అని ఒక రోజు అడిగాను. "సముద్రం అడుగు ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలి. మా అన్న ఎలాంటి చోట ఉన్నాడో తెలియకుండానే నేను ముసలాణ్ని అయిపోయాను" అన్నారు.

ఆ మాటతో నేను అడ్డు చెప్పడం మానేశాను. కానీ లోపల భయం పట్టుకుంది. అన్నను తీసుకున్న నీళ్లు ఈయన్ని నాకు తిరిగిస్తాయా అని. డాక్టరు చూసి పర్వాలేదన్నాడు. మేం ఆ ద్వీపంలో ఉండగానే సమాధుల పండుగ వచ్చేలా జెస్సీ టికెట్లు బుక్ చేసింది.

బొనైర్ చాలా చిన్న ద్వీపం. ఎవరికీ ఏ తొందరా ఉండదు. రోడ్డు మీద గాడిదలు నిలబడితే కార్లు ఆగి, అవి కదిలాకే కదులుతాయి. మధ్యాహ్నం కొట్లు మూసి నిద్రపోతారు. ఇళ్ల చుట్టూ కంచెలకు జెముడు మొక్కలు. ఒకవైపు ఉప్పు మళ్లు, వాటి పక్కన తెల్లటి ఉప్పు గుట్టలు, మన చినగంజాం వైపు ఉన్నట్టే. తీరం పొడుగునా రోడ్డు పక్కన పసుపు రంగు వేసిన రాళ్లుంటాయి. ఒక్కో రాయి దగ్గర నీళ్లలోకి దిగే చోటు. మా బసలో పెట్టిన బెండకాయ పులుసు తిని, ఇంత దూరంలో బెండకాయ పెట్టిన దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. ఆ ఊరివాళ్లు కూడా అదే వారంలో సమాధులకు సున్నం వేస్తున్నారు. అది చూసి మావారు బండి ఆపి కాసేపు దిగి నిలబడ్డారు.

మావారికి డైవింగ్‌లో తోడుగా కుదిరినావిడ పేరు షార్లీన్. ఆ ఊళ్లోనే పుట్టింది. నలభై దాటినట్టుంటుంది. మాట తక్కువ, చూపు ఎక్కువ. మా సంగతులేవీ ఆమెకు చెప్పలేదు. భాష కాని భాషలో అంత కథ ఎక్కడ చెబుతాం?

పండుగ రోజు ఉదయం ఒక పసుపు రాయి దగ్గర ట్రక్కు ఆపాం. అక్కడ మరో బండి లేదు. ఒడ్డున షార్లీన్ చెప్పులు, మావారి చెప్పులు తప్ప ఇంకెవరి చెప్పులూ లేవు. ఆయన చెవి మిషన్లు తీసి చిన్న డబ్బాలో పెట్టి నా చేతికిచ్చారు. నవ్వి, నీళ్లలోకి నడిచారు. రెండు తలలు మునిగాయి. నేను డబ్బా ఒళ్లో పెట్టుకుని ప్రార్థన చేసుకుంటూ కూర్చున్నాను.

నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే, ఒడ్డు దగ్గర చేపల నీడలు ఇసుక మీద కదలడం కనిపించింది. ఆ తర్వాత ముదురు నీలం. అక్కణ్ణుంచి ఏమీ తెలియదు.

వాళ్లు చెప్పిన సమయం దాటింది. ఎంత దాటిందో నేను చూసుకోలేదు. నిలబడ్డానని మాత్రం గుర్తు. చివరికి రెండు తలలు పైకి వచ్చాయి. షార్లీన్ మావారి భుజం కింద చెయ్యేసి పట్టుకుని ఉంది.

జరిగిందేమిటో ఆమె చెప్పిందాన్ని బట్టి రాస్తున్నాను. ఆమె ముందు, ఈయన వెనక వెళ్తున్నారు. ఎక్కణ్ణుంచో కొట్టుకొచ్చిన పాత వల ముక్క ఒకటి పగడపు దిబ్బ అవతల ఇసుకలో పడి ఉంది. అందులో చేపలు చిక్కుకుని కొట్టుకుంటున్నాయి. ఇంకెవరైనా అయితే ఆవిడను పిలిచి చూపించేవారు, లేదా దాటిపోయేవారు. ఈయన చేపలు పట్టేవాళ్ల ఇంట పుట్టిన మనిషి. వల కనిపిస్తే కోయరు, ముడి విప్పుతారు. కత్తి పెట్టకుండా రెండు చేతులతో ముడులు విప్పుతూ కూర్చున్నారు. ఇసుక లేచి నీళ్లు మసకబారాయి. వల ఆయన వీపు మీదున్న గాలి సిలిండర్‌కే చుట్టుకుంది.

షార్లీన్ వెనక్కి తిరిగి చూస్తే మనిషి లేడు. వచ్చిన దారిన వెతికింది. కనిపించలేదు. ఇక పైకి వెళ్లి సాయం పిలవాలనుకుందట. అప్పుడు చప్పుడు వినిపించింది. దాన్ని పట్టుకుని వెళ్తే ఆ మసకలో ఆయన దొరికారు. అప్పటికి ఆయన సిలిండర్‌లో గాలి ఎంత మిగిలిందో చూపే ముల్లు ఎర్ర గీత దాటింది. ఆమె వల కోసి, తన దగ్గరున్న రెండో గాలి గొట్టం ఆయన నోటికిచ్చి పైకి తెచ్చింది.

ఇదంతా ఆమె ఒడ్డున ట్రక్కు దగ్గర నిలబడి నాతో చెప్పింది. మావారు ఆ పక్కనే, ఒక చెయ్యి ట్రక్కు బానెట్ మీద ఆనించి, తల వంచుకుని ఊపిరి పీల్చుకుంటున్నారు. చెవి మిషన్లు నా చేతిలోనే ఉన్నాయి. మా మాట ఒక్కటీ ఆయనకు వినబడటం లేదు.

"ఇంకెవరు దిగారు నీళ్లలోకి?" అని షార్లీన్ నన్ను అడిగింది.

ఎవరూ దిగలేదన్నాను.

"మరి తట్టింది ఎవరు? ఈయన రెండు చేతులూ వలలోనే ఉన్నాయి" అంది. అని, ఎలా వినిపించిందో చూపించడానికి బానెట్ మీద వేళ్లతో తట్టింది.

రెండు వెంటవెంటనే. కాస్త ఆగి గట్టిగా ఒకటి. ఇంకా ఎక్కువసేపు ఆగి, పడిందో లేదో అన్నట్టు ఒకటి.

నేను ఇంకా నోరు విప్పలేదు. అంతలో మావారు తలెత్తారు. ఆయన చెవులకు అది వినబడలేదు. బానెట్ మీదున్న అరచేతికి తగిలింది.

"ఎవరు తట్టారు?" అన్నారు, చెవులు వినబడనివాళ్లు అడిగినట్టు పెద్దగా.

నేను షార్లీన్‌ను చూపించాను. ఆమెకేమీ అర్థం కాక, మళ్లీ అలాగే తట్టింది. ఈసారి ఆయన రెండు అరచేతులూ బానెట్ మీద పెట్టారు. చివరి దెబ్బ పడేదాకా కదలకుండా ఉండి, ఆ పసుపు రాయి మీద కూర్చుండిపోయారు. "అన్న" అన్నారు. అంతే.

ఆ మధ్యాహ్నమంతా నేను నాకొచ్చిన తక్కువ ఇంగ్లీషులో షార్లీన్‌ను ప్రశ్నలు వేస్తూనే ఉన్నాను. సిలిండర్ రాయికి కొట్టుకుని ఉండొచ్చు కదా అని అడిగాను. ఆయన ఉన్న చోట ఇసుక తప్ప రాయి లేదంది. బెల్టు బకిల్ తగిలి ఉండొచ్చు కదా అంటే, ఇనుము చప్పుడు తనకు తెలుసనీ, ఇది చెక్క మీద చెక్క పడ్డ చప్పుడనీ అంది. మర్నాడు మళ్లీ దిగి, మిగిలిన వల అంతా ఏరి పైకి తెచ్చింది. అక్కడ చెక్క ముక్క ఒక్కటి కూడా లేదట.

ఇంకో సంగతి ఆమె తనంతట తానే చెప్పింది. నీళ్ల కింద చప్పుడు ఏ దిక్కు నుంచి వస్తోందో మనిషి చెవికి తెలియదట. అన్ని వైపుల నుంచీ ఒకేసారి వచ్చినట్టుంటుంది. ఇన్నేళ్లలో తాను ఏ చప్పుడునూ దిక్కు తెలిసి వెతుక్కుంటూ వెళ్లింది లేదట. "ఇది మాత్రం ఒక్క వైపు నుంచే వచ్చింది. ఎవరో దారి చూపినట్టు" అంది. ఆ మాట మావారికి చెవి మిషన్లు పెట్టించి మళ్లీ చెప్పించాను. ఆనాడు మంచులో ఎవరికీ తెలియని దిక్కు గురించి ఆలోచిస్తున్నారని ఆయన ముఖం చూస్తే తెలిసింది.

పండుగ రోజు సాయంత్రం, ఇంకా వెలుగుండగానే, కొవ్వొత్తి పట్టుకుని ఒడ్డుకు వెళ్లాం. ఆ ఊరి గాలికి అగ్గిపుల్ల కూడా నిలవలేదు. షార్లీన్ వాళ్ల సమాధుల దగ్గర పెట్టే గాజు చిమ్నీ ఒకటి తెచ్చిచ్చింది. అప్పటికి ఆమెకు కథంతా చెప్పాం. ఒడ్డున బోర్లించిన పడవ ఒకటుంది. మావారు దాని చెక్క మీద అన్న తట్టు తట్టారు. ఎప్పుడూ తట్టేసి లేచి వచ్చేస్తారు. ఆ రోజు చెవి మిషన్లు తీసి జేబులో వేసుకుని, అరచెయ్యి ఆ చెక్క మీదే ఉంచి, వెలుగు పోయేదాకా కూర్చున్నారు.

ఏమైనా తెలిసిందా అని బసకొచ్చాక అడిగాను. "తెలియలేదు. కానీ కింద చాలా వెలుతురుగా ఉంది. చీకటిగా ఉంటుందనుకునేవాణ్ని ఇన్నాళ్లూ" అన్నారు.

జెస్సీకి చెబితే, "ఆంటీ, మీరైతే నమ్ముతలేరు కదా ఇవన్నీ" అంది. ఇప్పటికీ దయ్యాల్ని నమ్మను. దేవుడు ఎవరి చేత ఏ పని చేయించుకుంటాడో మాత్రం ఇంతేనని గీత గీసి చెప్పే ధైర్యం నాకు పోయింది. మావారి పల్లె పేరు కూడా తెలియని ఆవిడ చెవికి, ఆ పల్లెలో ఒక్క పడవకే ఉన్న తట్టు ఎలా వినిపించిందో నాకు తెలియదు. ఆయనను నాకు తిరిగి ఇచ్చినందుకు రోజూ స్తోత్రం చెప్పుకుంటున్నాను. అది ఎవరి ద్వారా జరిగిందో అన్నచోట ఆగిపోతాను.

మీలో సమాధుల పండుగ చేసేవాళ్లుంటారు. చేయకపోయినా, పోయినవాళ్లను తలుచుకునే రోజు అందరికీ ఒకటుంటుంది. ఆ రోజు మీ వాళ్ల పేర్లు అనుకున్నాక, ఇంకొక్క పేరు కలపండి. ఆయన పేరు చెక్కిన రాయి ఈ భూమ్మీద ఎక్కడా లేదు. తట్టనక్కర్లేదు, కొవ్వొత్తి అక్కర్లేదు. సామేలు అని ఒక్కసారి అనుకోండి, చాలు.