బాబాయి కలం పేర్లు

ఆ వారపత్రిక ఆఫీసులో ప్రూఫులు దిద్దే బాబాయి, బుద్ధెరిగినప్పటినుంచీ సొంత పేరుతో ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు. వంటింటి చిట్కాలకు 'మల్లెతీగ'. ఆరోగ్య సలహాలకు 'నిత్యరోగి'. రాజకీయాలకు 'నిప్పురవ్వ'. ఓసారి నిప్పురవ్వను 'చన్నీళ్లు' అనే పాఠకుడు ఏకిపారేస్తే, నిప్పురవ్వ మండిపడి జవాబిచ్చాడు. కొట్లాట ఆరు వారాలు సాగింది. ఇద్దరూ బాబాయే. చివరికి రాజీ కుదిర్చిన 'పెద్దమనిషి' కూడా ఆయనే.

సెలవు చీటీ కింద కూడా 'అలసిన హంస' అని సంతకం పెడితే ఎడిటరుగారు తల పట్టుకున్నారు.

"ఏమయ్యా, మన హాజరుపట్టీలో పక్షులు లేవే!"

"రాసింది నేనేగానీ, అలసింది హంసండీ."

ఎవరైనా పొరపాటున 'మీ మారుపేరు' అన్నారో, ఇక వాళ్ల పని అయిపోయిందన్నమాటే.

"మారుపేరు దొంగకుంటుందమ్మా, చేసింది దాచుకోడానికి. రాసేవాడికుండేది కలం పేరు. అది దాచుకోడానికి కాదు, చెప్పుకోడానికి!" అని టైపిస్టు అమ్మాయికి వారానికోసారి పాఠం చెప్పేవాడు. ఆమె టైపు కొడుతూనే ఊకొట్టేది.

ఆ అమ్మాయి ఒక కథ రాసింది. సొంత పేరుతోనే అచ్చయింది. మూడు వారాలు గడిచినా బాగుందని ఒక్కరూ రాయలేదు, బాగాలేదనీ రాయలేదు.

"నాకెందుకొచ్చిన రాతలు బాబాయ్! ఈ మిషను చాలు నాకు," అంటూ రెండో కథను చింపబోయింది.

"వచ్చే వారం చింపుదువుగానిలే," అన్నాడు బాబాయి. ఆయన పాఠం చెప్పకుండా ఊరుకోవడం అదే మొదలు.

నాలుగో వారం ఏకంగా నాలుగు ఉత్తరాలొచ్చాయి. ఓ రిటైరైన హెడ్మాస్టరు దీవించాడు. ఓ ఇల్లాలు ఏడ్చానంది. ఒకాయన ముగింపు తేలిపోయిందని దులిపేశాడు. ఒక నర్సు, డ్యూటీ మధ్యలో మెట్లమీద కూర్చుని చదివానంది. రెండో కథ బతికిపోయింది. దాని వెనకే మూడోదీ వచ్చింది.

కొన్ని నెలల తర్వాత తెల్లకాగితాల కోసం ఆ అమ్మాయి బాబాయి బల్ల సొరుగు లాగితే, హెడ్మాస్టరు దీవెనల చిత్తుప్రతి కనిపించింది, కొట్టివేతలతో సహా. దాని కింద ఇల్లాలు. పాపం, కన్నీళ్లను రెండుసార్లు దిద్దుకుంది.

"బాబాయ్! ఇవన్నీ మీరేనా?"

బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను బాగుందంటే పక్క కుర్చీవాడు మొహమాటానికి అన్నాడనుకుంటావుగా."

"మరి ఆ దులిపేసినాయన?"

"అందరూ పొగిడితే నమ్ముతావా? పైగా ముగింపు నిజంగానే తేలిపోయిందమ్మా."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. "నలుగురు చదివారని ఎంత మురిసిపోయానో! ఆ నర్సునైతే ఎన్నిసార్లు తలుచుకున్నానో!"

"నర్సెవరు?"

"అదేంటి, మీరేగా!"

"నేను రాసింది మూడే."

ఆమె గబగబా తన బల్ల దగ్గరికెళ్లి ఆ ఉత్తరం తెచ్చింది. కవరు మీద తపాలా ముద్ర, వెనక ఆసుపత్రి చిరునామా. బాబాయి నిలబడే రెండుసార్లు చదివాడు.

"ముగ్గురి పేరున రాసినా నాకింత బాగా కుదర్లేదు," అన్నాడు. మొహం వెలిగిపోతోంది. "కాకపోతే, 'మనస్పూర్తి' అట. పకారానికి వత్తు పోయింది."

ఎర్రసిరా కలం మూత తీసేలోపే, ఆ అమ్మాయి ఉత్తరాన్ని చటుక్కున లాక్కుని సంచిలో దాచేసింది.