గేటు కింద దూరని కారు

దుబాయ్‌లో గర్హూద్ వంతెన దగ్గర టోల్ గేటు పెట్టింది 2007 జూలైలో. అప్పుడు మేం షార్జా రోలాలో ఉండేవాళ్లం, ఆఫీసేమో ఊరి మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, క్రీక్, దాటాక బర్ దుబాయ్‌లో. గేటంటే మూసే తలుపూ లేదు, చెయ్యి చాపే మనిషీ లేడు. రోడ్డుకి అడ్డంగా పైన ఒక దూలం, దానికి కెమెరాలు. కారు అద్దానికి స్టిక్కరు అంటించుకుని కింద నుంచి పోతే నాలుగు దిర్హాములు వాటంతటవే పోతాయి. స్టిక్కరు లేకుండా పోతే జరిమానా.

అడిగి తీసుకుంటే ఇచ్చేవాణ్ణేమో. అడగకుండానే తీసుకుంటుందనేసరికి నాకు పౌరుషం వచ్చింది. ఆఫీసు పాంట్రీలో పదిమంది టీ తాగుతుండగా, "నా కారు ఆ గేటు కింద దూరదు" అని ప్రకటించాను. నా జీవితంలో నిలబడ్డ ప్రతిజ్ఞ అదొక్కటే. అదీ ఎక్కువగా ట్రాఫిక్‌లో నిలబడింది.

ఈ ప్రతిజ్ఞకి దిక్సూచి మా పక్క ఫ్లాటాయన. అమలాపురం వైపు మనిషి, రోజూ నా కార్లోనే ఆఫీసుకి వచ్చేవాడు. మా ఆవిణ్ణి మొదటిరోజే "చెల్లెమ్మా" అని పిలిచి, నన్నడక్కుండానే నన్ను బావగార్ని చేసేశాడు. నేనూ బావగారూ అనే పిలిచేవాణ్ణి. ఊరినుంచి తెచ్చుకున్న తెలుగు క్యాలెండర్లో నెల అయిపోగానే ఆ కాగితం చింపి, వెనక తెల్లవైపు గేటు తగలని దారులు గీసేవాడు. క్యాలెండర్ ముందువైపు రాహుకాలం తప్పించుకోవడానికి, వెనకవైపు టోల్ తప్పించుకోవడానికి. రెండువైపులా భద్రతే.

మా ఆవిడ గొడవ వేరే. కాకినాడలో ఎనిమిదేళ్లు లెక్కలు చెప్పిన మనిషి, ఇక్కడికొచ్చాక మూడేళ్లుగా మా గోడలకి తప్ప ఎవరికీ పాఠం చెప్పలేదు. ఆ వేసవిలో దుబాయ్‌లో ఒక స్కూలు వాళ్లు ఉద్యోగం ఇస్తామన్నారు. వాళ్ల బస్సు రోలా దాకా రాదు, కాబట్టి ఆగస్టు నెలాఖరులోగా డ్రైవింగ్ లైసెన్సు చూపించాలి. అప్పటికి టెస్టు అయిదుసార్లు పోయింది. మొదటిసారి మరీ నెమ్మదిగా నడిపిందన్నారు. రెండోసారి ఆ మాట మనసులో పెట్టుకుని నడిపింది. మిగతా మూడూ ఎందుకు పోయాయో టెస్టు పెట్టే పోలీసు మేడం చెప్పలేదు, ఈవిడ అడగలేదు. ఆరోది ఆగస్టులో ఒక సోమవారం, ఉదయం తొమ్మిదింటికి, క్రీక్ అవతలున్న సెంటర్లో. అది తప్పితే మళ్లీ అక్టోబరులో. అక్టోబరుకి ఆ క్లాసులో ఇంకెవరో లెక్కలు చెబుతుంటారు.

ఆ సోమవారం ఆరింబావుకి ముగ్గురం తయారై క్యాలెండర్ ముందు నిలబడ్డాం. రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది అని ఉంది.

"అది ఇండియా టైము. గంటన్నర తగ్గించాలి. అంటే ఇక్కడ ఆరు నుంచి ఏడున్నర. ఇప్పుడు కదలకూడదు" అన్నాను.

"రాహువు సూర్యుణ్ణి బట్టి పోతాడండీ బావగారూ. ఇక్కడి సూర్యుడు ఇక్కడి గడియారానికే లేస్తాడు. ఏడున్నర తరవాతే కదలకూడదు" అన్నాడు బావగారు.

మా ఆవిడ హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి, "అయిదింటికే బయల్దేరుంటే ఇద్దరి లెక్కా సరిపోయేది" అంది. లెక్కల టీచరు కదా.

చివరికి నా లెక్కే నెగ్గింది, ఎందుకంటే కారు తాళాలు నా జేబులో ఉన్నాయి. ఏడూ ముప్ఫైఒకటికి బయల్దేరాం.

నీళ్లమీద తేలే కొత్త వంతెన ఒకటి అప్పుడే తెరిచారు. దానికి గేటు లేదు. బావగారి కాగితం మమ్మల్ని అటే పంపింది. దుబాయ్‌లో ప్రతిజ్ఞ చేసినవాళ్లందరి కాగితాలూ అటే పంపినట్టున్నాయి. వంతెన తేలుతూనే ఉంది, వంతెనకి ఇవతల మేం మునిగాం.

ఎనిమిదీ పాతికకి మా ఆవిడ ఎడమవైపు దూరంగా గర్హూద్ వంతెనకేసి చూస్తూ, "ఏమండీ, ఆ వంతెన మీద ఎవరూ లేరేం?" అంది.

"అక్కడ గేటుంది కదా."

"ఇక్కడ లేదుగా. మరి మనం కదలట్లేదేం?"

దీనికి జవాబు కాగితంలో వెతకడానికి బావగారు దాన్ని ఒకసారి తలకిందులుగా తిప్పాడు. "యల్లా, పదండి, ఆ కుడి సందులోకి తిప్పండి బావగారూ" అన్నాడు. తిప్పాను. అదొక షాపింగ్ సెంటరు పార్కింగు. అందులోంచి బయటపడి మళ్లీ అదే వరసలో, ఇందాకటికంటే ఇరవై కార్ల వెనక చేరాం. దారి తప్పించుకోవడానికీ దారి తప్పడానికీ ఒక్క మలుపే తేడా అని అప్పుడు తెలిసింది.

ఎనిమిదీ ముప్పావుకి మా ఆవిడ చాలా మామూలుగా అడిగింది. "అన్నయ్యా, టాక్సీలకి ఆ గేటు డబ్బులు ఉన్నాయా?"

బావగారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు.

"టాక్సీ ఎక్కినవాళ్లకి లేవు చెల్లెమ్మా."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదట్నుంచీ తెలుసు."

"మరి కాగితంలో లేదేం?"

"కాగితం మన కారుకి కదమ్మా."

ఆవిడ తలుపు తీసుకుని దిగింది. ఆగస్టు ఎండ కార్లోకి ఒక్కసారిగా వచ్చి, నా పక్కన ఆవిడ సీట్లో కూర్చుంది. "ఖలాస్. మీరిద్దరూ నెమ్మదిగా రండి. నెమ్మదిగా అంటే ఇలాగే" అని పేవ్‌మెంటు మీదకెక్కి, రెండోసారి చెయ్యెత్తగానే టాక్సీ ఆపి, వెనక్కి తిప్పించి వెళ్లిపోయింది. కాసేపటికి ఖాళీ వంతెన మీద ఒక టాక్సీ దూసుకుపోతూ కనిపించింది. అది ఆవిడదే అయ్యుంటుందని ఇద్దరం అనుకున్నాం.

మేం టెస్టు సెంటరు చేరేసరికి పది దాటింది. మా ఆవిడ బెంచీ మీద కూర్చుని స్ట్రాతో మామిడి జ్యూసు తాగుతోంది. వెనకటి అయిదుసార్లూ ఇదే బెంచీ, ఇదే జ్యూసు, ఇదే మొహం. బావగారు దారంతా వల్లె వేసుకొచ్చిన ఓదార్పు మొదలెట్టబోయాడు.

"పాసయ్యాను అన్నయ్యా" అంది. తరవాత నావైపు తిరిగి, "గంటసేపు పక్కన కూర్చుని మీరు బ్రేకు తొక్కడం చూశాను కదా. టెస్టులో అలా తొక్కకుండా ఉన్నాను, అంతే" అంది. ఆవిడ లైసెన్సులో నా వాటా అదీ.

మధ్యాహ్నానికి కార్డు చేతికొచ్చింది. తాళాలకోసం చెయ్యి చాపింది, ఇచ్చాను. మొదటి పెట్రోలు బంకులోనే ఆపి, స్టిక్కరు కొని, అద్దం తుడిచి తనే అంటించింది. నన్ను ఒక్కమాట అడగలేదు. అచ్చం ఆ గేటులాగే.

గర్హూద్ వంతెన దగ్గర దూలం కనపడగానే నా తల దానంతటదే వంగింది. వెనక్కి చూస్తే బావగారూ వంగున్నాడు.

"తలలెత్తండి" అంది మా ఆవిడ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఎత్తు సరిపోతుంది."

మర్నాడు పాంట్రీలో ఎవరో ఆరా తీశారు, నా కారు గేటు కింద కనిపించిందట కదా, ప్రతిజ్ఞ ఏమైందని. ప్రతిజ్ఞకేం ఢోకా లేదన్నాను. నా కారు ఈరోజుకీ ఆ గేటు కింద దూరలేదు, నిన్న దూరింది మా ఆవిడ కారు.